సున్నా ఇల్లు

జనవరి 9

ఇంటి ప్లాను పూర్తయింది.

ఇన్నేళ్లుగా చేపలకూ, పళ్లకూ, బంగాళాదుంపలకూ కోల్డ్ స్టోరేజీలు డిజైన్ చేశాను. బయట రోడ్డు మీద తారు కరుగుతున్నా లోపల ఒక్క చేపకు కూడా చెమట పట్టనివ్వలేదు. అలాంటివాణ్ని, నా సొంత ఇంటికి వేరేవాళ్లు ప్లాను గీస్తే ఊరుకుంటానా?

గోడలు రెండు వరసలు, మధ్యలో థర్మోకోల్ పలకలు. కప్పు మీద తెల్ల పెంకులు, వాటి మీద సోలార్ పలకలు. కిటికీలు తక్కువ. ఉన్నవి చిన్నవి, ఉత్తరం వైపే, రెండేసి అద్దాలతో. గాలి ఎక్కడపడితే అక్కడ దూరదు. లోపలి పాత గాలిని పంపేసి, బయటి గాలిని వడపోసి చల్లబరిచి తీసుకురావడానికి ఒక యంత్రం ఉంటుంది. ఏడాది మొత్తంలో ఇల్లు ఎంత కరెంటు వాడుకుంటుందో అంత కరెంటూ తన నెత్తి మీద తనే పుట్టించుకోవాలి. కూడికలూ తీసివేతలూ అయ్యాక మిగలాల్సింది సున్నా. నాకు మాత్రం హాలు పక్కన ఒక చిన్న గది పెట్టుకున్నాను. ఏ మూల ఎంత వేడి ఉంది, ఏ ప్లగ్గు ఎంత లాగుతోంది అన్నీ అక్కడి తెరల మీద కనబడతాయి.

ప్లాను మా ఆవిడకు చూపించాను. వంటింటి కిటికీ ఏదని అడిగింది. వంటింటి గోడ పడమర వైపు, అంటే రోడ్డు వైపు. పడమటి ఎండ గోడల్లోంచి ఎలా పాకుతుందో, అద్దంలోంచి ఎలా దూకుతుందో వివరంగా చెప్పాను. బాల్కనీ ఏదంది. బాల్కనీ అంటే వేడికి మనమే రోడ్డు వేసి ఇంట్లోకి పిలవడమని చెప్పాను. మరి సాయంత్రాలు ఎక్కడ కూర్చోవాలంది. సోఫా చూపించాను.

అంతా విన్నాక ప్లానును నాలుగు మడతలు పెట్టి, అంచులు నొక్కి, నా చేతికిచ్చింది. తను దేన్నీ అంత జాగ్రత్తగా మడవదు. బాగా నచ్చినట్టుంది.

జనవరి 10

నచ్చకపోతే చెప్పేదిగా.

ఫిబ్రవరి 3

మేస్త్రీ కుదిరాడు. పొడగరి, మితభాషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. నెట్ జీరో ఇల్లు అంటే ఏమిటో అతనికి మొదటినుంచీ చెప్పుకొచ్చాను. ఓపికగా విని, "అంటే కరెంటు బిల్లు రాదు" అన్నాడు. అది ఇందులో చాలా చిన్న విషయమని చెప్పాను. అంతకంటే పెద్ద విషయం ఏముంటుందన్నట్టు చూశాడు.

సాయంత్రానికల్లా పనివాళ్లందరి నోటా అది "సున్నా ఇల్లు" అయిపోయింది. ఇసుక లారీ డ్రైవరు కూడా ఫోన్ చేసి సున్నా ఇంటికి దారెటని అడిగాడు. మా ఆవిడకు చెబితే నవ్వింది. ఇది కూడా రాసుకోవాలా? తను నవ్వి చాలా రోజులైందేమో, అందుకని రాస్తున్నాను.

మార్చి 12

తోడల్లుడు పునాది చూడడానికి వచ్చాడు. మా మరదలి భర్త. అతనిది అద్దాల వ్యాపారం. కొనేవాళ్లకు సరుకు చూపించినట్టూ ఉంటుందని ఇంటికి గోడల బదులు అద్దాలే పెట్టించుకున్నాడు. ఎండాకాలం వాళ్లింట్లో ఏసీలన్నీ ఒక్కసారి మొదలైతే బస్టాండులో నిలబడి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

నా పునాది చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "అన్నయ్యా, ఇంతకీ మనుషులు ఉండడానికేనా, నిల్వ పెట్టడానికా?" అన్నాడు.

మా ఆవిడ చప్పున అటు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. సిమెంటు దుమ్ముకు దగ్గు వచ్చి ఉంటుంది.

మే 21

గోడలు లేచాయి. కప్పు పడింది. కొలతల్లో గోరంత తేడా లేదు.

మేస్త్రీకి తల్లి అంటే ఎంత భక్తో. రోజూ మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. నాకు దూరంగా ఇసుక కుప్ప వెనక్కి వెళ్లి, "అలాగేనమ్మా, మీరు చెప్పినట్టేనమ్మా" అంటూ వింటాడు. ఈ రోజుల్లో కన్నతల్లిని మీరు అనేవాళ్లు ఎంతమంది ఉన్నారు? సాయంత్రం మా అమ్మాయితో చెప్పాను, చూసి నేర్చుకోమని. ఎందుకో తను గ్లాసులో మొహం పెట్టుకుని చాలాసేపు నీళ్లు తాగింది.

జూన్ 14

ఇల్లు ఒక్కటే సిద్ధమైతే చాలదు, ఉండబోయేవాళ్లు కూడా సిద్ధం కావాలి. అందుకని ఈ అద్దె ఇంట్లోనే రిహార్సల్ మొదలుపెట్టాను. ఇస్త్రీ మిట్టమధ్యాహ్నం మాత్రమే, ఎండ బాగా ఉన్నప్పుడు. ఏం కావాలో తేల్చుకున్నాకే ఫ్రిజ్ తలుపు తీయాలి, తీసి నిలబడి ఆలోచించకూడదు. చుట్టాలు ఎంతమంది వస్తున్నారో ముందు చెప్పి రావాలి.

"ఊపిరి ఎప్పుడు తీసుకోవాలి నాన్నా?" అని అమ్మాయి అడిగింది. తను ఒక ఆడిట్ ఆఫీసులో పనిచేస్తుంది. ఎదుటివాళ్ల లెక్కల్లో తప్పులు వెతకడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ గుణం పోదు. ఊపిరి వల్ల గాలిలో తేమ పెరిగే మాట నిజమేనని, దాని సంగతి యంత్రం చూసుకుంటుందని, కాబట్టి ఎప్పుడైనా తీసుకోవచ్చని చెప్పాను.

జూన్ 15

మా ఆవిడ ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, లోపలికి చూస్తూ, చల్లగా నిలబడింది. ఏమీ తీసుకోకుండానే మూసింది. ఏదో కావాలనుకుని మరిచిపోయి ఉంటుంది.

జూన్ 16

మళ్లీ మరిచిపోయింది.

జూన్ 29

మా ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. తెల్లవారకముందే డ్యూటీ. ఇవాళ చీకటి ఉండగానే యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే చూశాను. మంచం మీంచే, ఎండ రావడానికి ఇంకా చాలా టైముందని గుర్తు చేశాను. ఊరికే గుర్తు చేశాను, అంతే. తను ప్లగ్గు తీసేసి, సగం మడతలతోనే తొడుక్కుని వెళ్లిపోయింది.

పల్లెత్తు మాట అనలేదు. మా ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు.

జూలై 4

ముందు తలుపు వచ్చింది. నాకు తెలిసిన కోల్డ్ స్టోరేజీ కంపెనీలోనే చేయించాను. జానెడు మందం, చుట్టూ రబ్బరు, పొడవాటి స్టీలు హ్యాండిలు. వేస్తే వేసినట్టు తెలియకుండా, చిన్న ఉఫ్ అనే శబ్దంతో మూసుకుంటుంది. ఆ శబ్దం వినిపించడానికే మా ఆవిడను సైటుకు తీసుకెళ్లాను. నాలుగైదుసార్లు వేసి తీసి చూపించాను.

తను హ్యాండిలు మీద చెయ్యి వేసి చూసింది. "మా ఆసుపత్రిలో కింద ఒక గదికి అచ్చం ఇలాంటి తలుపే ఉంది" అంది.

ఆపరేషన్ థియేటరుకా అని అడిగాను.

"కాదు. ఆపరేషన్ కుదరనివాళ్లకి."

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఇద్దరం అలసిపోయి మాట్లాడుకోలేదు.

జూలై 5

మరదలికి మోకాలి నొప్పట. మా ఆవిడ తోడుగా నాలుగు రోజులు ఉండి రావడానికి వాళ్లింటికి వెళ్లింది. పెద్ద పెట్టె తీసుకెళ్లింది. మోకాలి నొప్పులు ఒక పట్టాన తగ్గవు కదా, తనకు ముందుచూపు ఎక్కువ.

జూలై 6

ఇస్త్రీ పెట్టె కూడా తీసుకెళ్లింది.

జూలై 13

మరదల్ని రోడ్డు మీద చూశాను. కదిలిపోతున్న బస్సు వెనక పరుగెత్తి ఎక్కేసింది. మందులు బాగా పనిచేస్తున్నట్టున్నాయి.

జూలై 14

అయితే మా ఆవిడ ఇంకా రాదేం?

ఫోన్ చేశాను. మోకాలు ఎలా ఉందని అడిగాను. "ఎవరి మోకాలు?" అంది. చెప్పాను. "ఆ, అదా. అలాగే ఉంది" అంది. తర్వాత ఇంటి పని ఎంతదాకా వచ్చిందని అడిగింది. వంటింటి గోడ పూత అయిపోయిందా అని ప్రత్యేకంగా అడిగింది. అయిపోయింది, అద్దంలా వచ్చిందన్నాను. సరే అయితే, అంది. పూత పని మీద ఇంత ఆసక్తి తనలో ఎప్పుడూ చూడలేదు. మెల్లగా ఇల్లు తన మనసుకు ఎక్కుతోంది.

ఆగస్టు 1

ఇంట్లో కరెంటు వాడకం బాగా పడిపోయింది. గ్రాఫు గీసి అమ్మాయికి చూపించాను. చూసి, "అమ్మని పంపించేస్తే ఇంత ఆదా అన్నమాట" అంది.

గ్రాఫు చింపేశాను. దాన్ని ఎలాగూ ఇంకా నీటుగా గీయాల్సి ఉంది.

ఆగస్టు 7

ఫ్రిజ్ తెరిచి కాసేపు నిలబడ్డాను. నాక్కూడా ఏం కావాలో గుర్తు రాలేదు.

ఆగస్టు 18

ఇవాళ గాలి పరీక్ష.

వరసగా రాస్తాను, లేకపోతే రేపు నాకే నమ్మకం కలగదు. పరీక్ష చేసే ఆయన పొద్దున్నే యంత్రంతో వచ్చాడు. ముందు తలుపు తెరిచి, ఆ ఖాళీలో గుడ్డ బిగించి, మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టాడు. అది ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తుంది. ఇంటికి ఎక్కడ చిల్లు ఉన్నా బయటి గాలి అందులోంచి లోపలికి తోసుకొస్తుంది. ఎంత వస్తోందో మీటరు చెబుతుంది. అమ్మాయి సెలవు పెట్టి మరీ వచ్చింది. నాకు అండగా ఉంటుందని సంతోషించాను.

ఫ్యాను తిరిగింది. పరీక్ష ఆయన మీటరు చూశాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు. "కిటికీ ఏదైనా తెరిచి ఉందేమో చూడండి" అన్నాడు. తెరవడానికి ఈ ఇంట్లో కిటికీలు ఎన్ని ఉన్నాయని, అన్నీ మూసే ఉన్నాయని చెప్పాను. అయితే ఇల్లు పాసవ్వదన్నాడు.

నా జీవితంలో నేను కట్టించిన ఏ గోదామూ ఈ పరీక్షలో తప్పలేదు. చొక్కా చేతులు పైకి మడిచి ఒక్కో గోడా వెతకడం మొదలుపెట్టాను. చేత్తో తడిమితే సరిగా తెలియదు, చెంప ఆనించాలి. హాలు గోడను కౌగిలించుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. పడకగది గోడలను కౌగిలించుకున్నాను. పనివాళ్లు పని ఆపేసి తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఇంటి మీద ఇంత ప్రేమ ఎక్కడా చూడలేదని ఒకడు అంటుంటే వినబడింది.

వంటింట్లో, పడమటి గోడ మధ్యలో, చెంపకు చల్లగా తగిలింది. సన్నటి గాలి. వేళ్లతో కొట్టి చూశాను. అటూ ఇటూ గట్టిగా ఉంది, మధ్యలో డొల్ల. మేస్త్రీని పిలిచాను. అతను అప్పటికే ఎదురు గోడ మీద లేని పగులును చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఇక్కడ ఏముంది?"

"గోడ సార్."

"గోడ అవతల?"

"రోడ్డు సార్."

"మధ్యలో?"

చెవి మీంచి పెన్సిలు తీసి, దాని మొన చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. "కిటికీ సార్" అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. గోడ కడుతున్నప్పుడే కిటికీకి చోటు వదిలి, పైన దిమ్మె పోసి, రెండు వైపులా పలకలు బిగించి, మీద పలచగా పూత పూశారు. నేను సైటులో లేని పూటలు చూసుకుని చేశారు. సార్ కంటబడినప్పుడు తీద్దువుగానిలే అని అమ్మగారు చెప్పారట. రోజూ ఫోన్ చేసేది కూడా ఆవిడేనట. నేను మీ అమ్మగారనుకున్నానన్నాను. "మా అమ్మకి ఫోను లేదు సార్" అన్నాడు.

ఇంటి యజమాని చెప్పింది కాదని ఆవిడ మాట ఎందుకు విన్నావని నిలదీశాను. "మీరు కోప్పడతారు, మరిచిపోతారు సార్. ఆవిడ కోప్పడరు" అన్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసినవాణ్ని, ఆ మాట కాదనలేను.

న్యాయం కోసం అమ్మాయి వైపు తిరిగాను. తను పరీక్ష ఆయనకు టీ ఇస్తోంది. నీకు ముందే తెలుసా అన్నాను.

"కిటికీ కొలతలు నేనే పంపాను నాన్నా" అంది.

ఆగస్టు 19

రేపు ఇటుకలు పెట్టి మూయించేస్తాను. ఇది కక్ష కాదు, పడమటి ఎండ. సొంత ఇల్లయినా పరాయి ఇల్లయినా ఎండ ఎండే.

ఆగస్టు 20

మేస్త్రీకి జ్వరమట, రాలేదు. పనివాళ్లెవరికీ ఒంట్లో బాగాలేదట.

మూసే ముందు కొలతలు తీసుకుందామని నేనే సుత్తి పట్టుకుని ఆ పూత కొట్టి, పలకలు ఊడదీశాను. దుమ్ము సర్దుకున్నాక సిమెంటు బస్తా ఒకటి లాక్కుని కూర్చున్నాను. కిటికీ పెద్దదే. రోడ్డు అవతల బస్‌స్టాపు, పక్కన సైకిళ్లు బాగుచేసే దుకాణం. ఒకాయన కుక్కను నడిపించుకుంటూ పోయాడు. నిజానికి కుక్కే ఆయన్ని నడిపిస్తోంది. బడి వదిలాక పిల్లలు బ్యాగులతో కొట్టుకుంటూ వెళ్లారు. ఒక ముసలాయన బస్సు కోసం నిలబడి నావైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం తలలూపుకున్నాం. ఆయన బస్సు వచ్చింది, వెళ్లిపోయాడు. తర్వాతి బస్సులో ఎవరెక్కుతారో చూద్దామనిపించింది.

ఎండ వాలి నేరుగా మొహం మీదికి వచ్చింది. లెక్కలో వేసినంత వేడిగానే ఉంది. లేవబుద్ధి కాలేదు.

కొలతలు తీసుకోవడం మరిచిపోయాను.

ఆగస్టు 21

తోడల్లుడి ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే మరదలు చెంగున లేచి వచ్చి, "రండి బావగారూ" అంది. సగం దారిలో గుర్తొచ్చి కుంటడం మొదలుపెట్టింది. ఏ కాలు అన్న విషయంలో అక్కాచెల్లెళ్లు ముందు మాట్లాడుకున్నట్టు లేరు. వెళ్లేటప్పుడు ఒక కాలు కుంటింది, టీ తెచ్చేటప్పుడు ఇంకో కాలు.

ఇంటి చుట్టూ ఉన్న అద్దాల్లో ఎటు చూసినా నేనే కనబడుతున్నాను. మా ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. వాళ్లిద్దరూ ఏదో పని కల్పించుకుని పక్కకు వెళ్లారు. అద్దాల ఇల్లు కదా, వెళ్లినా కనబడుతూనే ఉన్నారు.

"గోడలో కిటికీ దొరికింది" అన్నాను.

"ఇన్నాళ్లకా?"

నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. జనవరిలోనే అడిగానంది. పడమటి ఎండ గురించి నేను చెప్పిందంతా మళ్లీ నాకే అప్పజెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నా గొంతులో వచ్చే సాగదీత కూడా వచ్చింది. అవతల అద్దం వెనక తోడల్లుడు భుజాలు కదిలాయి. అక్కడ సిమెంటు దుమ్ము కూడా లేదు.

తర్వాత తను ఎగతాళి ఆపేసింది.

"పెళ్లయినప్పట్నుంచీ అద్దె ఇళ్లే. గోడకి మేకు కొట్టొద్దన్నారు, కొట్టలేదు. కుండీలు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. రాత్రి మిక్సీ వెయ్యొద్దంటే వెయ్యలేదు. సొంతిల్లంటే వద్దనేవాళ్లు ఉండరనుకున్నాను. తీరా చూస్తే ఓనరు నా పక్కనే పడుకుంటున్నాడు."

నేనేదో అనబోయాను. వినమని చెయ్యి చూపించింది.

"నేను పనిచేసే గదికి కిటికీ లేదండీ. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఆ దీపాలే. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో తెలీదు. లోపలికి వచ్చే డాక్టరు తల తడిసి ఉంటే ఓహో వాన అనుకుంటాం. ఇంటికొచ్చి కూడా అంతేనంటే ఇంక నేనెక్కడుంటున్నట్టు?"

ఇన్నేళ్లలో ఆ గదికి కిటికీ ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు. నేను కట్టించిన వాటికి కూడా కిటికీలు ఉండవు. చేపలెప్పుడూ అడగలేదు.

తోచింది చెప్పాను. కిటికీ పైన సజ్జ మూరెడు ఎక్కువ బయటికి దింపి, ముందు చెక్క పట్టీల తలుపు ఏటవాలుగా పెడితే ఎండలో సగానికి పైగా బయటే ఆగిపోతుందని, పట్టీల సందుల్లోంచి రోడ్డు కనబడుతుందని, సాయంత్రం ఎండ పోయాక వాటిని పూర్తిగా తెరుచుకోవచ్చని చెప్పాను. ఎంత ఏటవాలో చేత్తో చూపించాను.

తను ఆ చేతినే చూస్తూ కూర్చుంది. "అంటే కిటికీ ఉంటుందనేగా?"

"ఉంటుంది."

"ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా."

వెంటనే మాత్రం బయల్దేరలేదు. రేపటి యూనిఫాం ఇస్త్రీ చేసుకోవాలంది. అప్పటికి పొద్దు వాలిపోయింది, ఎండ జాడ లేదు. తను నా వైపు చూస్తూ ప్లగ్గు పెట్టింది. చేసి ముగించేదాకా నోరు విప్పకుండా పక్కనే కూర్చున్నాను. పెట్టె నేనే మోశాను. మరదలు గేటు దాకా చక్కగా నడిచి వచ్చింది.

ఆగస్టు 22

మేస్త్రీకి జ్వరం తగ్గిందట. అందరికీ ఒక్కసారే తగ్గింది.

సెప్టెంబరు 16

కిటికీతో లెక్క మళ్లీ వేశాను. సున్నా రావడం లేదు. చాలా తేడా కాదు, కానీ తేడా తేడాయే. కప్పు మీద ఇంకో సోలార్ పలక పెట్టడానికి చోటు లేదు. గీజరు చిన్నది చేశాను. లైట్లు తగ్గించాను. పరీక్ష ఆయన మళ్లీ వచ్చి చూశాడు. కిటికీకి రబ్బరు బాగా బిగించాం కాబట్టి గాలి విషయంలో పాసయ్యాం. సున్నా మాత్రం అందీ అందకుండా అక్కడే ఉంది. అన్నం తింటున్నా అదే ఆలోచన.

మా ఆవిడ కిటికీ కొంచెం చిన్నది చేసుకుందామా అంది. తనంతట తనే అంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇంకా ఆలోచిస్తున్నాను.

సెప్టెంబరు 20

నా లెక్కలన్నీ అమ్మాయి అడిగి తీసుకుంది. ఆఫీసు పని మానేసి వాటి మీద పడింది. సాయంత్రం వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆఫీసులో మనుషుల ఉద్యోగాలు పోయేటప్పుడు ఇలాగే కూర్చుంటుందేమో.

ఇంట్లో రాత్రీ పగలూ ఆగకుండా కరెంటు తినేది ఏమిటో తెలుసా అని అడిగింది. ఫ్రిజ్ అన్నాను. కాదంది. గాలి యంత్రం అన్నాను. కాదంది.

"నీ గది నాన్నా. ఆ తెరలు, ఆ కంప్యూటరు, ఇల్లంతా ఉన్న ఆ సెన్సర్లు. అవి వేడెక్కుతాయని వాటికో చిన్న ఏసీ. అన్నీ లెక్క వేశావు, లెక్క పెట్టడానికి ఎంత అవుతుందో మాత్రం వెయ్యలేదు."

అలా ఎలా అవుతుందన్నాను. పరిశోధన అన్నాను. ఇంటికి కళ్లూ చెవులూ అవేనన్నాను. గొంతు కూడా పెంచాను. తర్వాత తను వెళ్లాక తలుపు వేసుకుని లెక్క చూశాను.

సెప్టెంబరు 21

మళ్లీ చూశాను.

సెప్టెంబరు 22

ఆ గది లేకపోతే ఇల్లు సున్నాకు వస్తుంది. వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ఆ గది ఉండాలి. ఉంటే రాదు.

ఈ వాక్యం మా ఆవిడకు చదివి వినిపించాను. తను మంచం మీద పొర్లి పొర్లి నవ్వింది. మొదట్లో నాకు కష్టంగానే అనిపించింది. నవ్వి నవ్వి తను కళ్లు తుడుచుకుంటుంటే నేనూ మొదలుపెట్టాను. అమ్మాయి వచ్చి ఏమైందని అడిగింది. ఎవరమూ చెప్పే స్థితిలో లేము.

సెప్టెంబరు 30

తెరలన్నీ కోల్డ్ స్టోరేజీ కంపెనీకి ఇచ్చేశాను. గేటు గోడ మీద కరెంటు వాళ్ల మీటరు ఒకటి ఎలాగూ ఉంటుంది. అది చాలు. రోజూ చూడను. అప్పుడప్పుడు చూస్తాను.

అక్టోబరు 25

ఇల్లు మారాం. ముందు తలుపుకు మా ఆవిడ పసుపు రంగు వేయించింది. అయినా మూసేటప్పుడు ఉఫ్ అంటూనే ఉంది. తను గోడకు ఒక మేకు కొట్టింది. ఏం తగిలించాలో ఇంకా అనుకోలేదట. ఊరికే కొట్టిందట.

ఆ మేకు థర్మోకోల్ దాకా వెళ్లి ఉండదు. వెళ్లి ఉండదనే అనుకుంటున్నాను.

నవంబరు 8

మీటరు చూశాను. ఇవాళ ఒక్కసారే. పొద్దున చూసింది కలపకపోతే.

ఏప్రిల్ 17

నిన్న పొద్దున వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. కొత్తది రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరికీ తెలియదు. బయట రోడ్డు మీద చెప్పులు అంటుకుపోతున్నాయి. మా ఇంట్లో మాత్రం కిటికీ పట్టీలు దించుకుని, సోలార్ పలకల బ్యాటరీ మీద ఫ్యాన్లు వేసుకుని, నిశ్చింతగా కూర్చున్నాం. ఈ రోజు కోసమే కదా ఇంత పాటుపడింది. ఎవరైనా వచ్చి చూస్తే బాగుండునని మనసులో అనుకున్నాను.

అనుకోకుండా ఉండాల్సింది. మధ్యాహ్నం మా ఆవిడ పట్టీల సందుల్లోంచి బస్‌స్టాపులో ఇద్దరు ముసలివాళ్లను చూసింది. పిలిచి మంచినీళ్లు ఇచ్చింది. కూర్చోమంది. వాళ్లు పక్కింటివాళ్లకు చెప్పారు, పక్కింటివాళ్లు వాళ్ల పక్కింటివాళ్లకు. తలుపు తీయడం, వేయడం, మళ్లీ తీయడం. సైకిళ్ల దుకాణం ఆయన వచ్చాడు. కుక్క తన యజమానిని తీసుకుని వచ్చింది. ఇంట్లో ఉన్న ప్రతి ప్లగ్గులోనూ వీధిలోవాళ్ల ఫోనొకటి వేలాడుతోంది. పొయ్యి మీద టీ గిన్నె దిగడం లేదు. ఒక్కో మనిషి ఒంట్లోంచి పాతకాలపు బల్బు ఒకటి వెలిగినంత వేడి వస్తుంది. హాలులో తలలు లెక్కపెట్టుకుంటూ పోయి, సగంలో మానేశాను.

తోడల్లుడు సకుటుంబంగా, దిండ్లతో సహా దిగాడు. వాళ్ల అద్దాల ఇంట్లో గచ్చు మీద కాలు పెట్టలేకపోతున్నారట. వాళ్లమ్మగారిని తెరలు తీసేసిన నా పాత గదిలో పడుకోబెట్టాం. అతను సోఫాలో కూర్చుని నాలుగు వైపులా చూసి, "ఏసీ ఎక్కడ పెట్టావన్నయ్యా, కనబడదేం?" అన్నాడు. ఉన్న చిన్నది కట్టేసి ఉందని చెప్పాను. లేచి వెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, ఎవరూ వినకుండా, గోడల మధ్య ఏం పెట్టానన్నావని అడిగాడు. నిరుడు పునాది దగ్గర చెప్పిందే మళ్లీ చెప్పాను. ఈసారి అడ్డం రాకుండా విన్నాడు.

అమ్మాయి వచ్చి, ఇన్నాళ్లూ సున్నాకు అటూ ఇటూగా నెట్టుకొచ్చామని, ఈ దెబ్బతో ఈ ఏడాదికి ఆ సున్నా మీద ఆశ వదులుకోవాల్సిందేనని చెవిలో చెప్పింది. నాకూ తెలుసు. ఇల్లు నిజంగానే వెచ్చబడింది. అలా అని ఒక్కరూ లేచి వెళ్లే సూచన లేదు. సైకిళ్ల దుకాణం ఆయన గురక కూడా మొదలుపెట్టాడు.

మా ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. ఇద్దరు ముగ్గుర్ని దాటుకుని పక్కకు వెళ్లాను. ఎదుటి చెట్టు నీడలో ఒకమ్మాయి చంటిపాపను భుజాన వేసుకుని, చీర చెంగుతో విసురుకుంటూ నిలబడింది. మా ఆవిడ పట్టీ పైకి ఎత్తి చెయ్యి ఊపబోతోంది. ఇంక సూది మోపే చోటు లేదని, బ్యాటరీ కూడా సగానికి వచ్చేసిందని చెప్పాను.

తను చెయ్యి అలాగే ఉంచి నా వైపు తిరిగింది. "ఆ పాపాయి ఎన్ని వాట్లుంటుంది?"

నేను అటు చూశాను. పాప నిద్రపోతోంది, జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"లెక్కలోకి రానంత" అని చెప్పి తలుపు తీయడానికి వెళ్లాను.